సిగార్‌కి తగ్గ బీరు: సెలవు రోజు సాయంత్రానికి సమగ్ర మార్గదర్శి

రోబుస్టో సైజు, అంటే అయిదు అంగుళాల సిగార్ పూర్తిగా కాలడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన లాగర్, అంటే మన దగ్గర మామూలుగా దొరికే లేత రంగు బీరు, మే నెలలో హైదరాబాద్ మేడ మీద పావుగంట తిరక్కుండానే వెచ్చబడి, గ్యాస్ పోయి, చప్పగా తయారవుతుంది. ఏ సిగార్‌కి ఏ బీరు అని అడిగేవాళ్లంతా రుచుల గురించే అడుగుతారు గానీ అసలు చిక్కు ఈ టైములో ఉంది. గంటసేపు నిలిచే బీరు ఎంచుకోవాలి, లేదా అరగంటలో అయిపోయే సిగార్ ఎంచుకోవాలి. ఇది కుదిరితే రుచి సగం కుదిరినట్టే.

ఇది ఎవరి కోసం

ఈ రెండూ అప్పుడప్పుడు అలవాటున్న పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను. పొగ అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు. బీరు సంగతులు చదువుకుని మిగతాది వదిలేయండి. "సిగార్ పొగ మింగం కదా, ఏమీ కాదు" అని చాలామంది ధీమాగా అంటారు. ఆ మాట నమ్మొద్దు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక పెట్టె సిగరెట్లకు సరిపడా పొగాకు ఉండొచ్చు. పొగ లోపలికి లాగకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. పక్కన మద్యం కూడా ఉంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ల మీద దంతవైద్యులు దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్నారు. కాబట్టి దీన్ని ఏడాదిలో ఒకటి రెండు పండగ సాయంత్రాల సంగతిగానే ఉంచుకోండి. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, మందులు వాడుతున్నవాళ్లు దీని జోలికే పోవద్దు.

వయసు లెక్క కూడా చెప్పేస్తాను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి 21 ఏళ్లు నిండాలి. అమెరికాలో పొగాకుకీ మద్యానికీ రెండిటికీ 21.

ముందు రోజే చేయాల్సిన పని

మన దగ్గర "సెలవు రోజు" అనగానే వచ్చే మొదటి టెన్షన్ డ్రై డే. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో వైన్స్ మూసేస్తారు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. ముందు రోజు సరుకు తెచ్చిపెట్టుకోని వాళ్లకు ఆ పండగ సోడాతోనే గడిచింది. క్యాలెండర్ చూసుకుని బీరు ఒక రోజు ముందే ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి. సీసాలు నిలువుగా పెట్టాలి. గోధుమ బీరు, బెల్జియం బీర్లలో అడుగున ఈస్ట్ పేరుకుంటుంది, అడ్డంగా పెడితే అంతా కలిసిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ముందే తేల్చుకోండి. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధం. ముప్పై గదులున్న హోటళ్లు, ముప్పై సీట్లున్న రెస్టారెంట్లు విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. కానీ 2017లో వచ్చిన సవరణ ప్రకారం ఆ గదిలో ఏ సర్వీసూ ఇవ్వకూడదు. అంటే బయట ఎక్కడో కూర్చుని చట్టబద్ధంగా సిగార్, బీరు కలిపి లాగించడం దాదాపు కుదరని పని. గోవా బీచ్‌లో సిగార్ వెలిగించి సీసా ఎత్తిన ఫొటోలు చూసి ఉబలాటపడకండి, అక్కడ కూడా బీచ్‌లో బాహాటంగా తాగితే జరిమానా రాస్తారు. సొంత మేడ, స్నేహితుడి ఫామ్‌హౌస్, ఓనరు ఒప్పుకున్న అద్దె విల్లా, ఇవే దారులు. అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే పైఅంతస్తు వాళ్ల ఉతికిన బట్టలు, కిటికీలు, చిన్నపిల్లలు ఉన్నారేమో చూసుకోండి. సిగార్ వాసన సిగరెట్ వాసనలా నిమిషంలో పోదు.

ఊరికి విమానంలో వెళ్తుంటే లైటర్ వెంట పెట్టుకోకండి, మన విమానాల్లో దాన్ని రానివ్వరు. దిగాక కొనుక్కోండి. విదేశాల నుంచి వస్తూ తెచ్చుకునేవాళ్లకు 25 సిగార్ల దాకా సుంకం ఉండదు. మద్యం పరిమితి 2 లీటర్లు. అందులో బీరు కూడా లెక్కే కాబట్టి బీరు మోసుకురావడం శుద్ధ దండగ.

సిగార్ ఎంచుకోవడం

మన గోదావరి లంకల్లో పండే పొగాకుతో చేసిన చుట్టలకు బ్రిటిష్ వాళ్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా గిరాకీ ఉండేది. ఆ లంక చుట్ట బాగా ఘాటు. దాని ముందు ఏ బీరైనా నీళ్లలా అనిపిస్తుంది. దాన్ని గౌరవించి పక్కన పెడదాం. ఇక్కడ మాట్లాడుకునేది క్యూబా, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురస్ దేశాల నుంచి వచ్చే చేతితో చుట్టిన సిగార్ల గురించి.

సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల మడిచిపెట్టిన ఆకులు ఫిల్లర్. వాటిని పట్టి ఉంచేది బైండర్. పైన నున్నగా, నూనె మెరుపుతో కనిపించేది రాపర్. ఫిల్లర్‌లో కూడా తేడాలున్నాయి. మొక్క అడుగున కాసే వొలాడో ఆకు బాగా మండుతుంది. నడిమి సెకో ఆకు వాసననిస్తుంది. ఎండంతా తిన్న పై ఆకు లిఖేరో మందంగా, ఘాటుగా ఉండి నెమ్మదిగా కాలుతుంది. అందుకే చుట్టేవాళ్లు లిఖేరోని సరిగ్గా మధ్యలో పెడతారు, పక్కకి జరిగితే సిగార్ ఒకవైపే కాలుతుంది. సగం కాలాక ఘాటు పెరగడానికి తారు, నికోటిన్ నోట్లో పెట్టుకునే కొస వైపుకు చేరడం ఒక కారణం.

సైజు రెండు అంకెల్లో చెబుతారు. 5 × 50 అంటే అయిదు అంగుళాల పొడవు, అంగుళంలో 64వ వంతులు 50 ఉండే లావు. 5 × 50 రోబుస్టో, సుమారు 5½ × 42 కరోనా, 6 × 50 టోరో, 7 × 47 చర్చిల్. మాంటెక్రిస్టో నంబర్ 4 లాంటి పెటీ కరోనా అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతుంది. చర్చిల్ గంటన్నర లాగొచ్చు. చర్చిల్ కొని ఒక్క మైల్డ్ బీరుతో కూర్చుంటే గొడవే. మొదటిసారి జత కట్టేవాళ్లకు పెటీ కరోనా గానీ రోబుస్టో గానీ చాలు. లావైనది కొంటే మర్యాదగా ఉంటుందనే భ్రమ వదిలేయండి.

రంగు చూసి ఘాటు అంచనా వేయడం కొత్తవాళ్లు చేసే పని. లేత గోధుమ రంగు కనెక్టికట్ షేడ్ రాపర్ నీడలో పెరిగింది, వెన్న, గడ్డి, జీడిపప్పు గుర్తుకొచ్చే మెత్తని రుచి. నల్లటి మదురో రాపర్‌ను ఎక్కువ కాలం పులియబెడతారు, అందువల్ల దానికి తియ్యదనం, కోకో, కాఫీ రుచులు వస్తాయి. నల్లగా ఉన్నంత మాత్రాన ఘాటుగా ఉంటుందని కాదు, ఘాటు ఎక్కువ భాగం లోపలి ఆకుల్లో ఉంటుంది. హబానో రకం రాపర్‌లో మిరియాల ధోరణి ఉంటుంది.

మొదటి జతకు డొమినికన్ మకనుడో కెఫే లాంటి మెత్తని కనెక్టికట్ గానీ, నికరాగువాలో చేసే పడ్రోన్ మదురో గానీ చాలు. ఆ రెండిటి మధ్య తేడా పట్టుకుంటే మిగతావి సులువవుతాయి. విహారస్థలాల్లో గాజు మూత డబ్బాలో అమ్మే క్యూబా బ్రాండ్ కోహిబా సిగార్లు మాత్రం నకిలీవే. ఆ బ్రాండ్ గాజు మూత డబ్బాల్లో ఎప్పుడూ రాలేదు. అమెరికాలో ఉన్నవాళ్లు క్యూబన్ కోసం వెతక్కండి. 1962 నాటి ఆంక్షలు ఇంకా ఉన్నాయి, ప్రయాణికులకు 2016లో ఇచ్చిన సడలింపును 2020లో వెనక్కి తీసుకున్నారు. నికరాగువా సిగార్లు దానికేమీ తీసిపోవు, నా మటుకు నాకు బీరు పక్కన అవే బాగుంటాయి.

తెచ్చిన సిగార్‌ను కాపాడటం

సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి సరిపోతుంది. మన వేసవికి ఆ వేడి ఏసీ గదిలో తప్ప దొరకదు. వేడి పాతిక డిగ్రీలు దాటి అలాగే ఉంటే ఆకులో ఉండే పొగాకు పురుగు గుడ్లు పొదిగి, రాపర్ మీద గుండుసూది బెజ్జాలు పడతాయి. హ్యుమిడార్ అనే, తేమ నిలిపే ఖరీదైన చెక్క పెట్టె అక్కర్లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, 65 లేదా 69 అంకె ఉన్న తేమ ప్యాకెట్ ఒకటి వేసి, ఇంట్లో చల్లగా ఉండే మూలలో పెట్టండి. డబ్బాను ముందు శుభ్రంగా కడిగి వాసన పోయేదాకా ఎండబెట్టాలి, ఆవకాయ డబ్బా ఎన్ని కడుగులు కడిగినా పనికిరాదు. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది, పైగా కూరల వాసన పట్టేస్తుంది. కారు డ్యాష్‌బోర్డ్ మీద మధ్యాహ్నం పాటు వదిలేశారంటే దాని పని అయిపోయినట్టే.

వెలిగించే ముందు వేలితో మెల్లగా నొక్కి చూడండి. కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. అప్పడంలా చిటపటమంటే ఎండిపోయింది. మెత్తగా దిగబడిపోతే తేమ ఎక్కువైంది. ఎండినదాన్ని రెండు వారాలు తేమ ప్యాకెట్‌తో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది, వానాకాలంలో తేమ పట్టినదాన్ని రెండు మూడు రోజులు గదిలో ఆరనిస్తే చాలు.

బీరు ఎంచుకోవడం

మన దగ్గర వైన్స్‌లో ఎక్కువగా దొరికేవి లాగర్లు, అందులోనూ స్ట్రాంగ్ అని రాసినవే. మంచి సిగార్ పక్కన ఇవి నప్పవు. తియ్యగా మొదలై చివర్లో ఆల్కహాల్ మంట వదులుతాయి, నికోటిన్ తోడైతే తల బరువెక్కుతుంది. పైగా గడ్డకట్టేంత చల్లగా ఇస్తారు. ఆ చల్లదనానికి నాలుక మొద్దుబారిపోతుంది, ఆ తర్వాత మామూలు బీడీకీ మూడు వేల సిగార్‌కీ తేడా తెలియదు. "చల్లగా లేకపోతే అది బీరెట్లయితది బావా?" అనే బావలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లకు లాగర్ ఇచ్చి పెటీ కరోనా చేతిలో పెట్టండి, సుఖపడతారు.

బీరు సిగార్‌కు రెండు పనులు చేయాలి. ఒకటి, బుడగలతో నాలుక మీద పేరుకున్న పొగ జిడ్డును కడగాలి. రెండు, పొగ వదిలిన చేదుకు ఎదురుగా కొంచెం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తియ్యదనం ఇవ్వాలి. మొదటి పని ఏ బీరైనా చేస్తుంది. రెండో పనిలో తేడా వస్తుంది. బార్లీని ఎంత వేయిస్తే అంత కాఫీ, చాక్లెట్, కాలిన రొట్టె రుచులు వస్తాయి. పులిసిన మదురో ఆకులోనూ దాదాపు అవే రుచులుంటాయి. అందుకే స్టౌట్, పోర్టర్ బీర్లు మదురోతో తడుముకోకుండా కలిసిపోతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ నల్ల బీర్లు 10, 12 డిగ్రీల దగ్గరే బాగుంటాయి, అంటే వెచ్చబడే కొద్దీ వాటి రుచి తెరుచుకుంటుంది. గంటసేపు గ్లాసులో ఉన్నా చెడిపోవు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోవాలనుకుంటే, పొడవు సిగార్‌కు నల్ల బీరు అన్నది గుర్తుంచుకోండి.

గిన్నిస్ డ్రాట్ అనే స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, నైట్రోజన్ వల్ల మెత్తని చిన్న బుడగలు, గంట కూర్చోవడానికి భేషైనది. కానీ అందులో తియ్యదనం తక్కువ కాబట్టి బాగా ఘాటున్న నికరాగువా సిగార్ దాన్ని తినేస్తుంది. అలాంటి సిగార్‌కు గిన్నిస్ ఫారిన్ ఎక్స్‌ట్రా లేదా ఏదైనా ఇంపీరియల్ స్టౌట్ సరిజోడు. ఇంపీరియల్ స్టౌట్ 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, కాబట్టి ఒక చిన్న సీసాని ఇద్దరు పంచుకోవాలి. మన దేశంలో సింబా స్టౌట్ దొరికిన ఊళ్లో అది మంచి మొదటి మెట్టు. మైక్రోబ్రూవరీల్లో కూడా ఒక స్టౌట్ తరచూ ఉంటుంది, అక్కడ తాగి చూసి నచ్చిన రకాన్ని ఇంటి కోసం వెతుక్కోండి.

బెల్జియంలో డుబెల్ అనే ముదురు రంగు బీరుది ఇంకో దారి. నల్ల చక్కెర పాకంతో చేస్తారు కాబట్టి ఎండుద్రాక్ష, అంజీర్ గుర్తుకొస్తాయి. వెస్ట్‌మాలె డుబెల్ 7 శాతం, దానికంటే ఘాటైన ఇంకో బెల్జియం నల్ల బీరు షిమే బ్లూ 9 శాతం. దేవదారు చెక్క వాసన ఉన్న మధ్యరకం సిగార్‌తో ఇవి కుదిరినంతగా విస్కీ కూడా కుదరదని నా నమ్మకం. అమెరికా, యూరప్‌లలో ఉన్న మనవాళ్లకు ఇవి సులువుగా దొరుకుతాయి.

లేత కనెక్టికట్ సిగార్‌కు స్టౌట్ పోస్తే సిగార్ మాయమవుతుంది. దానికి గోధుమ బీరు పోయాలి. జర్మనీ హెఫెవైజెన్‌లో ఈస్ట్ వల్ల అరటిపండు, లవంగం వాసనలు పుడతాయి. వైహెన్‌స్టెఫానర్ దీనికి చక్కని నమూనా. బెల్జియం పద్ధతిలో చేసే హుగార్డెన్‌లో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. మన నాలుకకు ధనియాల సంగతి వేరే చెప్పాలా. పిల్స్నర్ కూడా పనికొస్తుంది, కానీ పొట్టి సిగార్‌కే. 1842లో పిల్సెన్ ఊళ్లో పుట్టిన ఆ బీరు అందం అంతా తాజా చేదులో, చల్లదనంలో ఉంది. అవి పోతే ఇంకేమీ మిగలదు.

ఐపీఎ (ఇండియా పేల్ ఏల్) గురించి జాగ్రత్త. అందులో దండిగా వేసే హాప్స్ అనే పువ్వుల చేదు, పొగాకు చేదు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని నోరంతా వగరెక్కుతుంది. పుల్లటి సోర్ బీర్లు, పండ్ల రుచి కలిపినవి వద్దు. జర్మనీలోని బాంబెర్గ్‌లో పొగబెట్టిన మాల్ట్‌తో చేసే రౌఖ్‌బీర్ విడిగా అద్భుతంగా ఉంటుంది. పొగ మీద పొగ మాత్రం ఎక్కువైపోతుంది.

కూర్చునే ముందు

కడుపు నిండుగా ఉండాలి. ఖాళీ కడుపుతో సిగార్ వెలిగిస్తే నికోటిన్ వెంటనే తలకెక్కుతుంది. అయితే బిర్యానీ, మిర్చి కా సాలన్ తిన్న వెంటనే కూడా కుదరదు, కారం దిగి నాలుక మామూలుగా అవడానికి కాస్త సమయం ఇవ్వండి. మంచింగ్‌కి చికెన్ 65 వద్దు. ఉప్పు తక్కువ వేసి వేయించిన జీడిపప్పు, పల్లీలు, ఒక ముక్క డార్క్ చాక్లెట్ చాలు. ఒక గ్లాసు మంచినీళ్లు, ఒక బెల్లం ముక్క దగ్గర పెట్టుకోండి, బెల్లం ఎందుకో తర్వాత చెబుతాను.

సీలింగ్ ఫ్యాన్ కింద గానీ, గాలి నేరుగా కొట్టే చోట గానీ కూర్చోకూడదు. గాలికి సిగార్ ఒకవైపే వేగంగా కాలి వేడెక్కి చేదవుతుంది. యాష్‌ట్రే లేకపోతే మట్టి మూకుడు తీసుకుని అడుగున గుప్పెడు ఇసుక పోయండి. అంచు మీద సిగార్ ఆనించవచ్చు, నుసి ఎగరదు.

గ్లాసు చిన్నదే తీసుకోండి. 650 మి.లీ. సీసాని పెద్ద మగ్గులో వంపడం ఈ పనికి పనికిరాదు. 150 మి.లీ. చొప్పున పోసుకుంటూ సీసాని ఐస్ బకెట్‌లోనో, తడిగుడ్డ చుట్టో ఉంచండి, ఇది లాగర్, గోధుమ బీర్లకు. స్టౌట్, డుబెల్ అయితే కూర్చోవడానికి ఇరవై నిమిషాల ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి.

కోయడం, వెలిగించడం

సిగార్ మూసి ఉన్న కొసను క్యాప్ అంటారు. దగ్గరగా చూస్తే అక్కడ గుండ్రటి అతుకు గీత కనిపిస్తుంది. ఆ గీతకు పైనే, మహా అయితే రెండు మిల్లీమీటర్లు కోయాలి. గీత దాటి కిందికి కోస్తే రాపర్ ఊడి విచ్చుకుంటుంది. రెండంచుల కట్టర్‌ను మెల్లగా ఆనించి, చోటు చూసుకుని, ఒక్కసారిగా టక్కున నొక్కాలి. నెమ్మదిగా నొక్కితే ఆకు నలిగి చిరుగుతుంది. పళ్లతో కొరికే సినిమా వేషాలు వద్దు.

కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. గాలి తేలిగ్గా, కొద్దిపాటి అడ్డుతో రావాలి. ఎండుగడ్డి, కోకో, కొట్టం వాసన, ఏదో ఒకటి నాలుకకు తగులుతుంది. ఇక్కడే బీరు ఒక గుక్క తాగి మళ్లీ లాగండి. జోడీ కుదురుతుందో లేదో చాలావరకు ఇప్పుడే తెలిసిపోతుంది. కుదరలేదనిపిస్తే వేరే సీసా తీయడానికి ఇంకా అవకాశం ఉంది.

వెలిగించడానికి బ్యూటేన్ లైటర్ గానీ పొడవాటి అగ్గిపుల్ల గానీ వాడండి. పెట్రోల్ లైటర్ వాసన చివరిదాకా వదలదు. అగ్గిపుల్ల అయితే తల మండి గంధకం వాసన పోయేదాకా ఆగాలి. సిగార్‌ను చేత్తో కొంచెం వాలుగా పట్టుకుని, మంట తగలకుండా మంట పైన ఉండే వేడికి చివర ఆనేలా తిప్పుతూ ఉండండి. అంచంతా నల్లబడి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపించాక నోట్లో పెట్టుకుని, తిప్పుతూ రెండు మూడు మెల్లని దమ్ములు లాగండి. తర్వాత చివర మీద మెత్తగా ఊదితే నిప్పు ఎక్కడ అంటుకోలేదో నల్లటి మచ్చలా కనిపిస్తుంది. అక్కడ మాత్రం మళ్లీ కాస్త వేడి చూపండి. ఈ ఒక నిమిషం ఓపిక పడితే తర్వాత గంట హాయిగా గడుస్తుంది.

దమ్ము, గుక్క

నిమిషానికి ఒక దమ్ము. అంతకంటే వేగంగా లాగితే సిగార్ వేడెక్కి తారు రుచి వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఆరిపోతుంది. పొగను నోట్లోనే తిప్పి వదిలేయాలి, లోపలికి పీల్చకూడదు.

బీరు ఎప్పుడు తాగాలి? దమ్ము లాగి పొగ వదిలాక అయిదారు క్షణాలు ఆగండి. నాలుక మీద రుచి స్థిరపడుతుంది. అప్పుడు చిన్న గుక్క తీసుకుని, మింగే ముందు నోరంతా తగిలేలా తిప్పండి. మళ్లీ దమ్ము లాగేసరికి పొగ రుచి మారి ఉంటుంది. మదురో, స్టౌట్ జోడీలో ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది: గుక్కకు ముందు కాఫీ పొడిలా ఉన్న పొగ, గుక్క తర్వాత కోకో తియ్యదనం వైపు తిరుగుతుంది. ప్రతి దమ్ముకీ గుక్క అక్కర్లేదు. మూడు నాలుగు దమ్ములకు ఒకటి చాలు. ఈ లెక్కన ఒక రోబుస్టోకి 330 మి.లీ. సీసా ఒకటి సరిపోతుంది. రెండో సీసా అడుగుతున్నారంటే మీరు సిగార్ మీద కాక బీరు మీద ధ్యాస పెట్టారన్నమాట.

సిగార్‌ను మూడు భాగాలుగా అనుకోండి. మొదటి భాగం తేలిక, ఇక్కడ లాగర్, గోధుమ బీరు కూడా బాగుంటాయి. రెండో భాగంలో సిగార్ తన అసలు రుచి చూపిస్తుంది, బీరు మీద దృష్టి పెట్టాల్సింది ఇక్కడే. మూడో భాగంలో ఘాటు, వేడి పెరుగుతాయి. పెద్ద సిగార్ కాల్చేవాళ్లు గోధుమ బీరుతో మొదలుపెట్టి, సగంలో స్టౌట్‌కి మారడం ఇందుకే. ఒకే సాయంత్రం రెండు బీర్లు తెరిచే పని ఉంటే తేలికైనది ముందు, ముదురు రంగుది తర్వాత. తిరగేస్తే రెండోది నీళ్లలా ఉంటుంది.

నుసిని సిగరెట్‌లా మాటిమాటికీ కొట్టకండి. చేత్తో చుట్టిన మంచి సిగార్‌కు అంగుళం దాకా నుసి నిలుస్తుంది, నిప్పును కాస్త చల్లగా ఉంచుతుంది. అంగుళం దాటాక మూకుడు అంచుకు ఆనించి మెల్లగా తిప్పితే దానంతటదే విరుగుతుంది. లేకపోతే ఒళ్లో పడుతుంది, తెల్ల లుంగీ కట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్త.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

ఒకవైపు వేగంగా, ఇంకోవైపు నెమ్మదిగా కాలుతుంటే వెనకబడ్డ వైపు లైటర్‌తో కాస్త వేడి తగిలించండి. కొద్ది తేడా అయితే ఏమీ చేయకండి, దానంతటదే సర్దుకుంటుంది. పైన రాపర్ కాలకుండా లోపల గుంత పడుతుంటే గాలి బాగా తగులుతోందని, లేదా ఆకు తేమగా ఉందని అర్థం. చోటు మార్చి, అంచును మళ్లీ కాల్చండి.

ఆరిపోయిందా, కంగారు పడకండి. నుసి రాల్చి, లోపల నిలిచిన పాత పొగ బయటికి పోయేలా సిగార్‌లోకి ఒకసారి ఊది, మొదట్లోలాగే వేడి చూపించి వెలిగించండి. అయిదు పది నిమిషాల్లోపు అయితే రుచి పెద్దగా మారదు. గంట తర్వాతో, మర్నాటి ఉదయమో వెలిగిస్తే పాచి కంపు కొడుతుంది. పొగలో ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంటే ఆకు సరిగా పులియలేదని, పచ్చిగానే అమ్మేశారని తెలుసుకోండి. అలాంటిదాన్ని ఏ బీరూ కాపాడలేదు, పక్కన పడేయండి.

చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం, తల తేలిపోవడం నికోటిన్ ఎక్కువైనదానికి గుర్తులు. బీరు మత్తు అనుకుని ఇంకో గుక్క తాగితే పరిస్థితి చెడుతుంది. సిగార్ పక్కన పెట్టి, నీళ్లు తాగి, ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకుని, చల్లగాలికి కూర్చోండి. తీపి పడితే తేలికవుతుందని చాలామంది అంటారు. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ముగించడం

చివరిదాకా, వేలు కాలేదాకా కాల్చడం గొప్ప కాదు. రెండంగుళాలు మిగిలినప్పుడు వేడి, చేదు పెరుగుతుంటే ఆపేయండి. బీరు కొంచెం మిగిలి ఉండాలి. ఆఖరి గుక్క పొగ లేకుండా, ఒట్టిగా తాగండి. సిగరెట్‌లా నలిపితే దుర్వాసన ఇల్లంతా చుట్టేస్తుంది. ఇసుక మూకుడు అంచున వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది. పూర్తిగా చల్లారాక, నీళ్లు చల్లి, అప్పుడు చెత్తబుట్టలో వేయండి. మేడ మీద ఎండుటాకులు, పాత పేపర్లు ఉంటే ఇది తప్పనిసరి.

నీళ్లతో నోరు బాగా పుక్కిలించండి. పళ్లు తోమే తొందర వద్దు, టూత్‌పేస్ట్ పుదీనా, పొగ రుచి కలిస్తే ఇంకా అన్యాయంగా ఉంటుంది, అరగంట ఆగండి. చొక్కా మర్నాటిదాకా ఎండలో ఆరేయండి, బీరువాలో పెట్టకండి. బీరు గ్లాసును సబ్బు వాసన మిగలకుండా వేడినీళ్లతో కడిగి బోర్లించండి, జిడ్డు మిగిలితే వచ్చేసారి నురగ నిలబడదు. ఫామ్‌హౌస్ నుంచి తిరిగి రావాల్సిన వాళ్లు తాగని స్నేహితుడి చేతికి తాళాలు ఇవ్వండి, లేదా క్యాబ్ ముందే బుక్ చేసుకోండి. ఊరవతల రాత్రి పది దాటాక క్యాబ్ దొరకడం కష్టం.